లక్ష పేజీల బాగోగులు

తార్నాక చౌరస్తాలో ఉప్పల్ రోడ్డు పట్టుకుంటే ముందు రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ వస్తుంది. హబ్సిగూడ దాటాక కణ జీవశాస్త్రానికి సీసీఎంబీ, భూమి లోపలి సంగతులకు ఎన్‌జీఆర్‌ఐ. తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ. వీటన్నిటికీ వెనక 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాన్ని ఆనుకుని భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ. ఇంత కొద్ది దూరంలో ఇన్ని పరిశోధన సంస్థలు ఉన్న చోట్లు దేశంలో ఎక్కువ లేవు. భూకంపాల మీద, జన్యువుల మీద, మనం తినే జొన్నల మీద ఇక్కడ ఏళ్ల తరబడి పని జరుగుతోంది. ఆ పని ఫలితాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే అచ్చవుతాయి. అదే రోడ్డు మీద మెట్రో రైల్లో వెళ్తున్న ఇంటర్ విద్యార్థిని ఫోన్‌లో 'భూకంపం' అని తెలుగులో వెతికితే ముందు వరసలో వచ్చేది తెలుగు వికీపీడియా పేజీ. ఆ పేజీని రాసి, దిద్ది, నిలబెట్టేవాళ్లు వేరే ఊళ్లలో వేరే ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రి పూట తీరిక చేసుకుని కూర్చునే మనుషులు.

తెలుగు వికీపీడియా లక్ష వ్యాసాలు దాటింది. ఇంగ్లీషు వికీపీడియా 70 లక్షలు దాటింది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 8.11 కోట్ల మంది. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి మన భాష ఎంత వెనకబడిందో అని నిట్టూర్చడం మామూలైపోయింది. ఆ పోలికలో నాకు పెద్ద ప్రయోజనం కనిపించదు. ఎంత వెనకబడ్డామో అది చెబుతుంది, ఎందుకో చెప్పదు. స్వాహిలీ, హౌసా, యోరుబా లాంటి ఆఫ్రికా భాషల పక్కన తెలుగును పెట్టి చూస్తే కారణాలు బయటపడతాయి. అవీ కోట్ల మంది నోట ఉన్న భాషలే. అక్కడా పై చదువులు, పరిశోధన, కోర్టులు, పెద్ద ఉద్యోగాలు చాలావరకు ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో నడుస్తాయి. చేతిలో ఫోను ముందు వచ్చి, ఆ ఫోనులో సొంత భాష తర్వాత వచ్చిన సమాజాలు అవి, మనలాగే.

ఈ పోలికకు హబ్సిగూడ తగిన చోటే. ఆ పేరు హబ్షీల వల్ల, అంటే ఆఫ్రికా మూలాలవాళ్ల వల్ల, వచ్చిందంటారు. నిజాం కొలువులో ఆఫ్రికా మూలాల అశ్వికదళం ఉండేది. మాసబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేట. ఇప్పుడు ఉస్మానియాలో చదువుకునే ఆఫ్రికా దేశాల విద్యార్థులు ఈ చుట్టుపక్కల వీధుల్లో గదులు తీసుకుని ఉంటారు. వాళ్ల ఇళ్లలో మాట్లాడే భాషల్లో విజ్ఞాన సర్వస్వాలు ఎలా పెరుగుతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో చూస్తే అది మన సంగతిలాగే ఉంటుంది.

విజ్ఞాన సర్వస్వం కోసం తెలుగువాళ్లు పడిన తపన ఇంటర్నెట్ కన్నా చాలా పాతది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు 1906లో హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా మండలిని మొదలుపెట్టారు, తర్వాత అది మద్రాసుకు మారింది. చరిత్రతో పాటు భౌతిక, రసాయన, జీవశాస్త్రాల మీద తెలుగులో పుస్తకాలు రాయించి అచ్చువేశారు. ఆ తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకున్నారు. అక్షర క్రమంలో అ నుంచి చివరిదాకా వెళ్లాలని ఆయన సంకల్పం. 1923లో ఆయన కన్నుమూసేనాటికి అచ్చయిన సంపుటాలు అకారాన్ని దాటలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1930లలో ఆ పనిని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. 1938లో ఆయనా వెళ్లిపోయారు. 1947లో మద్రాసులో ఏర్పడిన తెలుగు భాషా సమితి అక్షర క్రమాన్ని పక్కన పెట్టి, చరిత్ర ఒక సంపుటం, విజ్ఞానం ఒక సంపుటం అన్నట్టు విషయాల వారీగా వెళ్లింది. హైదరాబాదులో ఖండవల్లి లక్ష్మీరంజనం ప్రధాన సంపాదకుడిగా సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశం 1958 నుంచి వచ్చి ఎనిమిది సంపుటాల దాకా నడిచింది. ఆయన ఉస్మానియాలో తెలుగు శాఖాధ్యక్షుడు.

ఉస్మానియాకు ఇంకో అనుభవం కూడా ఉంది, అది ఉర్దూది. విశ్వవిద్యాలయం తలుపులు తెరవడానికి ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హక్ దాన్ని నడిపించారు. గణితం, వైద్యం, ఇంజనీరింగు, తత్వశాస్త్రం వందలాది పుస్తకాలుగా ఉర్దూలోకి వచ్చాయి. కమిటీలు కూర్చుని ఒక్కో పారిభాషిక పదం మీద వాదించుకుని తేల్చేవి. ఒక భారతీయ భాషలో పై చదువంతా చెప్పవచ్చని అంత పెద్ద ఎత్తున నిరూపించిన చోటు ఇదే. 1948 తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది. పుస్తకాలు అల్మరాల్లో మిగిలాయి. వాటిని ఏటేటా చదివి, ఇక్కడ తప్పుంది, ఇక్కడ కొత్త సంగతి చేరింది అని చెప్పే తరగతి గది లేకుండా పోయింది.

నా దృష్టిలో ఈ మొత్తం విషయానికి కీలకం అక్కడే ఉంది. విజ్ఞాన సర్వస్వం రాయడం ఒక పని. రాసినదాన్ని చూసుకునే మనుషులు ఎప్పుడూ ఉండేలా చేసుకోవడం రెండో పని, మొదటిదానికన్నా కష్టమైన పని. ఇంటర్నెట్ మొదటిదాన్ని చాలా తేలిక చేసింది. కాగితం ఖర్చు లేదు, సంపుటం నిండేదాకా ఆగనక్కర్లేదు, అకారం దగ్గరే ప్రాణం పోతుందన్న భయం లేదు. రెండోదాన్ని మాత్రం అది తేలిక చేయలేదు. తెలుగులోనూ స్వాహిలీలోనూ వచ్చిన చిక్కులన్నీ ఆ రెండో పని దగ్గర పుట్టినవే.

వికీపీడియా ఇంగ్లీషులో 2001 జనవరి 15న మొదలైంది. ఆఫ్రికాన్స్ భాషలో అదే ఏడాది, స్వాహిలీలో 2003లో, తెలుగులో 2003 డిసెంబరులో పేజీలు తెరుచుకున్నాయి. పుట్టిన రోజులు ఇంత దగ్గరగా ఉన్నా నడక నేర్చుకోవడంలో ఇబ్బందులు వేరు. తెలుగుకు మొదటి అడ్డంకి టైపింగు. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు లిపికి 1991 నుంచే చోటుంది. కానీ పత్రికలు, అచ్చు యంత్రాలు ఎవరి ఫాంటు వాళ్లు వాడుకునేవి. ఒక పత్రిక సైటులోని తెలుగును ఇంకోచోట అతికిస్తే పిచ్చి గీతలు వచ్చేవి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని అంతకుముందే తయారుచేసి ఉంచారు. తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జున, రకరకాల ఫాంట్ల తెలుగును యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే ఉపకరణాన్ని రాశారు. దాని ఆధారంగా 2006లో వీవెన్ 'లేఖిని' తెచ్చారు. బ్రౌజరు తెరిచి ఇంగ్లీషు మీటలు నొక్కితే పక్కన తెలుగు కనిపించేది. తెలుగు వికీపీడియా ఊపందుకున్న కాలమూ సరిగ్గా అదే. బ్లాగులు రాసేవాళ్లు, వికీలో రాసేవాళ్లు ఒకరికొకరు తెలిసిన కొద్దిమందే, ఒకచోట నేర్చుకున్నది రెండోచోట వాడేవారు.

స్వాహిలీకి ఈ బాధ లేదు, అది రోమన్ లిపిలో మామూలు కీబోర్డుతోనే రాయవచ్చు. యోరుబాకు ఉంది. అచ్చుల కింద చుక్క, పైన స్వరం గుర్తు రెండూ పెట్టాలి. గుర్తు మారితే మాట అర్థం మారిపోతుంది. మామూలు కీబోర్డులో అవి లేవు గనక చాలామంది గుర్తులు లేకుండానే రాసేస్తారు, వెతికేవాళ్లకు అది దొరకదు. పశ్చిమ ఆఫ్రికాలో ఫులా భాషకైతే గినీ దేశంలో ఇద్దరు అన్నదమ్ములు, ఇబ్రహీమా బారీ, అబ్దులాయే బారీ, 1989లో పిల్లలుగా ఉన్నప్పుడే అడ్లమ్ అనే కొత్త లిపిని కనిపెట్టారు. ఊళ్లలో జనం దాన్ని ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారు. యూనికోడ్‌లోకి అది 2016లో గానీ రాలేదు. మన అక్షరాలకు దొరికిన చోటు వాళ్లకు దొరకడానికి పాతికేళ్లు పట్టిందన్నమాట.

లిపి చేసే ఇంకో తమాషా ఉంది, అంకెలు చూసి తీర్పులిచ్చేవాళ్లు దాన్ని తెలుసుకోవాలి. కంప్యూటరు ఒక పేజీ పరిమాణాన్ని బైట్లలో కొలుస్తుంది. వెబ్‌లో వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో రోమన్ అక్షరానికి ఒక బైటు, అరబ్బీ అక్షరానికి రెండు, తెలుగు సంకేతానికి మూడు. పైగా మనం ఒక అక్షరం అనుకునేది కంప్యూటరుకు చాలాసార్లు ఒకటి కాదు. 'స్త్రీ' అన్నది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి ఆరు సంకేతాలు, అంటే పద్దెనిమిది బైట్లు. తెలుగు వికీలో 2,048 బైట్ల కన్నా చిన్నగా ఉన్న వ్యాసాన్ని మొలక అంటారు. ఆ హద్దులోపల తెలుగులో వంద మాటలు కూడా పట్టవు. అదే హద్దులో స్వాహిలీలో మూడు వందల మాటల దాకా రాయవచ్చు. రెండు వికీపీడియాల బైట్ల లెక్క చూసి ఏది పెద్దదో చెప్పబోతే మొదటి అడుగులోనే తప్పుదారి పడతాం.

వ్యాసాల సంఖ్య అంతకన్నా మోసం చేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని సెబువానో భాష వికీపీడియాలో 60 లక్షలకు పైగా వ్యాసాలున్నాయి. వాటిలో అత్యధికం స్వీడన్‌కు చెందిన స్వెర్కర్ యొహాన్సన్ రాసిన ఒక ప్రోగ్రామ్, జీవజాతుల పట్టికల నుంచి, భౌగోళిక పట్టికల నుంచి తయారుచేసినవి. ఇలాంటి ప్రోగ్రామును వికీలో బాటు అంటారు. ఈజిప్టు అరబ్బీ వికీపీడియా కూడా అదే దారిలో 2020లో పది లక్షలు దాటింది. మడగాస్కర్‌లో మాట్లాడే మలగాసీ సంఖ్యలోనూ బాట్ల వాటా పెద్దది. అదే ఆఫ్రికాలో హెరెరో, ఎన్డోంగా, క్వన్యామా, అఫార్ భాషల వికీపీడియాలు రాసేవాళ్లు లేక మూతపడ్డాయి. ఒకచోట లక్షల పేజీలు, ఒకచోట తాళం. ఈ రెంటి మధ్య తేడా ఆ భాషల గొప్పతనానికి సంబంధించింది కాదు. ఒకచోట ప్రోగ్రాము రాయగలిగిన మనిషి కూర్చున్నాడు, రెండోచోట ఎవరూ కూర్చోలేదు.

బాటు అనగానే కొట్టిపారేయనక్కర్లేదు. తెలుగు వికీపీడియా తొలి ఏళ్లలో మన మండలాలకు, గ్రామాలకు వేల పేజీలు అలాగే పుట్టాయి. ఫలానా జిల్లా, ఫలానా మండలంలోని గ్రామం అని ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం చూసి సొంత ఊరి గురించి ఇంకో నాలుగు మాటలు రాయాలనిపించి వికీలోకి అడుగుపెట్టినవాళ్లు ఉన్నారు. తర్వాత 2011 జనాభా లెక్కల సమాచారంతో ఊళ్ల పేజీలను పెంచారు. చిక్కు ఆ తర్వాత వచ్చింది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్ఫై ఒకటి అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు ఇరవై ఆరయ్యాయి. ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో వేల పేజీల మొదటి వాక్యమే తప్పయిపోయింది. జిల్లా మారింది, కొన్నిచోట్ల మండలం మారింది, కొన్ని పేర్లూ మారాయి. ఉత్తర్వులు ముందు పెట్టుకుని, ఊరు ఊరూ చూసి, ఆ మార్పులు చేసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. నెలకు ఐదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ మార్పులు చేసేవాళ్లను చురుకైన వాడుకరులు అంటారు. తెలుగులో వాళ్ల సంఖ్య పదుల్లోనే ఉంటుంది. లక్ష పేజీలను పెట్టుకుని ఇంతమందే ఉన్నప్పుడు, పేజీలు ఇంకా పెరగాలా, ఉన్నవి బాగుపడాలా అన్న ప్రశ్న గాల్లోది కాదు. వికీలోని రచ్చబండ అనే చర్చా పేజీలో ఆ వాదన ఏళ్లుగా నడుస్తూనే ఉంది. హైదరాబాదులోని ఐఐఐటీ సమాచార పట్టికల నుంచి తెలుగు వ్యాసాలు తయారుచేసే ఇండిక్‌వికీ ప్రాజెక్టు మొదలుపెట్టాక ఆ వాదన ఇంకా వేడెక్కింది. పెద్ద సంఖ్య కావాలనేవాళ్ల ఆత్రుత నాకు అర్థమవుతుంది. కానీ చూసుకునే మనిషి లేని పేజీ మీద నాకు నమ్మకం తక్కువ.

బయటి నుంచి వచ్చిన సాయం కథ తెలుగులో, స్వాహిలీలో ఒకే కాలంలో జరిగింది. 2009లో గూగుల్ సంస్థ కెన్యా, టాంజానియా విశ్వవిద్యాలయాల విద్యార్థులకు స్వాహిలీ వికీపీడియా పోటీ పెట్టింది. బహుమతులు లాప్‌టాప్‌లు, ఫోన్లు. వందల వ్యాసాలు వచ్చిపడ్డాయి. పోటీ ముగిశాక రాస్తూ మిగిలినవాళ్లు కొద్దిమందే. వచ్చిన వ్యాసాల్లో తప్పులు దిద్దే బరువు అంతకుముందు నుంచీ ఉన్న నలుగురైదుగురి మీద పడింది. అదే సంస్థ 2009-11 మధ్య భారతీయ భాషల్లో ఇంకో పద్ధతి ప్రయత్నించింది. జనం ఎక్కువగా వెతికే ఇంగ్లీషు వ్యాసాలను ఎంచుకుని, అనువాద ఉపకరణం ఇచ్చి, డబ్బులిచ్చి అనువదింపజేసింది. తెలుగులోకి దాదాపు రెండు వేల వ్యాసాలు వచ్చాయి. ఒక్కొక్కటీ చాలా పొడవు. వాక్యం ఇంగ్లీషు వాక్యానికి తెలుగు తొడుగు, సగం లింకులు ఎర్రవి. వికీలో ఎర్ర లింకు అంటే ఆ పేజీ ఇంకా లేదని అర్థం. ఏ పేజీ కావాలో ఇక్కడి పాఠకులను ఎవరూ అడగలేదు. బెంగాలీ వికీపీడియావాళ్లు మాకొద్దన్నారు. తమిళులు కూర్చోబెట్టి మాట్లాడి, నాణ్యతకు షరతులు పెట్టారు. తెలుగువాళ్లు వాటిని ఏళ్ల తరబడి శుద్ధి చేస్తూ, బాగుపడవని తేలినవాటిని తొలగిస్తూ వచ్చారు. ఎవరో విత్తనాలు చల్లి వెళ్లిపోతే కలుపు తీసే పని ఊళ్లోవాళ్లకు మిగిలినట్టయింది.

దానికి భిన్నంగా జరిగినవి కూడా ఆఫ్రికాలోనే ఉన్నాయి. ఘనాలో దగ్బానీ మాట్లాడేవాళ్లు ముందు ఒక బృందంగా కూడి, పరీక్ష దశలో పేజీలు రాసి చూపించి, 2021లో తమ వికీపీడియాను తెరిపించుకున్నారు. నైజీరియాలో ఇగ్బో, హౌసా బృందాలు కాలేజీల్లో తరగతులు పెట్టి నేర్పిస్తూ వచ్చాయి. 2020 తర్వాత ఆ రెండు వికీపీడియాలూ వేగంగా పెరిగాయి. ఆఫ్రికా వికీమీడియా బృందాలు 2014లో జొహానెస్‌బర్గ్‌లో మొదటిసారి వికీ ఇందాబా పేరుతో కలుసుకున్నాయి. ప్రపంచ వికీ సమావేశం వికీమేనియా 2025లో నైరోబీలో జరిగింది. మన దగ్గర అలాంటి కూడికలు హైదరాబాదులో, విజయవాడలో, తిరుపతిలో, విశాఖలో జరిగాయి. 2014లో విజయవాడలో దశాబ్ది ఉత్సవాలు జరిపారు. కృషి చేసినవాళ్లకు కొమర్రాజు లక్ష్మణరావు పేరుతోనే పురస్కారం ఇచ్చారు. మనుషులు ముఖాలు చూసుకుంటే ఏమవుతుందంటే, మానేద్దామనుకున్నవాళ్లు ఇంకో ఏడాది రాస్తారు. నాటకరంగం మీద పరిశోధన చేసే ఒక యువకుడు 2016 నుంచి రోజుకో వ్యాసం చొప్పున రాస్తూ వెళ్లాడు. తెలంగాణ గ్రామాలు, నాటకాలు, సినిమాలు, పుస్తకాలు అలా చేరాయి. ఇలాంటి ఒకరిద్దరు ఒక భాష వికీపీడియా రూపురేఖల్నే మార్చేస్తారు.

పరిమాణానికీ నాణ్యతకూ మధ్య తగువు ఇప్పుడు ఇంకో మలుపు తిరిగింది. కృత్రిమ మేధతో నడిచే భాషా నమూనాలు తమ భాషా జ్ఞానాన్ని వెబ్‌లో దొరికే రాతల నుంచి పోగుచేసుకుంటాయి. ఇంగ్లీషుకు వికీపీడియా కాక కోట్ల పేజీలున్నాయి. చిన్న భాషలకు వికీపీడియాయే పెద్ద వనరు. అక్కడ యంత్రానువాదంతో తప్పుల తడక పేజీలు నింపితే నమూనా ఆ తప్పులనే భాష అనుకుంటుంది. ఆ నమూనాతో ఎవరో మళ్లీ అనువదించి కొత్త పేజీలు పెడతారు. తర్వాతి నమూనా వాటినీ మింగుతుంది. ప్రతి చుట్టులోనూ తప్పు గట్టిపడుతుంది. గ్రీన్‌లాండ్ భాష వికీపీడియాలో అసలు ఆ భాష మాట్లాడేవాళ్లు రాసిన పేజీలే అరుదని తేలడంతో 2025లో దాన్ని మూసేయాలని నిర్ణయించారు. యంత్రం లేకుండానూ ఇది జరగవచ్చు. స్కాట్స్ వికీపీడియాలో 20 వేలకు పైగా పేజీలు ఆ భాష రాని ఒక అమెరికన్ కుర్రాడు రాసినవని 2020లో బయటపడింది. పట్టించుకునే స్కాట్స్ పాఠకులు అక్కడ లేకపోవడంతో ఏళ్ల తరబడి అది ఎవరి కంటా పడలేదు.

తెలుగుకు ఆ ప్రమాదం అంత దగ్గరగా లేదు, చదివేవాళ్లు ఉన్నారు గనక. కానీ యంత్రానికి తెలుగు కష్టమైన భాషే. విభక్తులూ బహువచనమూ మాటకు అతుక్కుపోతాయి. 'ఊరు' అన్నది 'ఊరికి', 'ఊళ్లో', 'ఊళ్లు' అవుతుంది. ఖాళీలు నింపే ప్రోగ్రాము 'ఊరు లో' అని రాసి ఊరుకుంటుంది. స్వాహిలీలో మార్పు మాటకు ముందు జరుగుతుంది. హైదరాబాదీకి తెలిసిన కితాబు అక్కడ కితాబూ. బహువచనంలో వితాబూ అవుతుంది. ముందు అక్షరమే మారిపోతే అక్షర క్రమంలో వెతికే యంత్రానికి అవి రెండు సంబంధం లేని మాటలు. ఈ నియమాలను ఏ భాషకు ఆ భాషవాళ్లే యంత్రానికి నేర్పాలని 2020లో ప్రకటించిన అబ్‌స్ట్రాక్ట్ వికీపీడియా ప్రయత్నిస్తోంది. వాస్తవాలను భాష లేని రూపంలో ఒకచోట ఉంచి, ప్రతి భాష వ్యాకరణాన్నీ చిన్న చిన్న ప్రోగ్రాములుగా రాసి, వాక్యాలు పుట్టించాలన్నది ఆలోచన. తెలుగు వ్యాకరణం చెప్పగలిగినవాళ్లు, ప్రోగ్రాము రాయగలిగినవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవాల్సిన పని అది. ఉస్మానియా ప్రాంగణంలో భాషాశాస్త్ర శాఖ ఉంది, ఇంజనీరింగు కాలేజీ ఉంది.

అయినా అసలు ఇరుకు సందు వేరే ఉంది. అది ఆధారాల దగ్గర. వికీపీడియాలో ఎవరూ సొంతంగా తెలిసింది రాయకూడదు. ఎక్కడో అచ్చయిన, సరిచూడగలిగిన మూలాన్ని చూపాలి. మంచి నియమం, అది లేకపోతే విజ్ఞాన సర్వస్వం పుకార్ల పుట్ట అవుతుంది. కానీ ఆ నియమం అచ్చు ఎక్కువగా ఉన్న సమాజాలకే అనువుగా ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో మార్క్ గ్రాహం 2009లో వికీపీడియా వ్యాసాలను ప్రపంచ పటం మీద గుర్తించి చూస్తే, ఒక్కటి మినహా ఏ ఆఫ్రికా దేశం కన్నా అంటార్కిటికా మీదే ఎక్కువ వ్యాసాలు కనిపించాయి. మనుషులు స్థిరంగా ఉండని మంచు ఖండానికి శాస్త్రవేత్తల నివేదికలున్నాయి. కోట్ల మంది ఉన్న దేశాల సంగతులు జనం నోట ఉన్నాయి, కాగితం మీద లేవు. దీనికి విరుగుడుగా 2011లో అచల్ ప్రభల ఒక ప్రయోగం చేశారు. దక్షిణాఫ్రికాలో సెపెడి, మన దేశంలో హిందీ, మలయాళం మాట్లాడేవాళ్ల దగ్గరికి వెళ్లి, ఆటలు, ఆచారాలు, వంటలు తెలిసినవాళ్ల మాటలను రికార్డు చేసి, ఆ రికార్డునే వ్యాసానికి మూలంగా చూపించారు. వికీపీడియాలో దాని మీద పెద్ద వాదన జరిగింది, నియమం మాత్రం మారలేదు. ఒగ్గుకథ చెప్పే బృందంలో ఎవరు ఏం చేస్తారో, ఏ పంటకు ఏ కార్తెలో ఏం చేస్తారో తెలిసిన మనుషులు తెలంగాణ పల్లెల్లో ఇంకా ఉన్నారు. అదంతా పుస్తకంగా వచ్చేదాకా వికీ గడప బయటే ఉండాలి.

సైన్సు సంగతి దీనికి తలకిందులు. అచ్చు దండిగా ఉంది, తెలుగులో లేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్, డిగ్రీ పాఠ్యపుస్తకాలను, పదకోశాలను తెచ్చింది. వికీలో సైన్సు వ్యాసాలు రాసేవాళ్లకు పరిభాష విషయంలో అవే ఇప్పటికీ దిక్కు. ఆ పైస్థాయిలో తెలుగు పుస్తకం కోసం చూస్తే చెయ్యి ఖాళీగా తిరిగివస్తుంది. దాంతో రాసేవాళ్లు ఇంగ్లీషు మూలాలు చూపించి తెలుగులో రాస్తారు. నియమం ప్రకారం అది తప్పు కాదు, కానీ పాఠకుడు మూలం దాకా వెళ్లి సరిచూడలేడు. తెలుగు పత్రికల వార్తల మీద ఆధారపడితే కొన్నేళ్లకు ఆ లింకులు పనిచేయవు. పత్రిక సైటు మారుతుంది, పాత పేజీలు పోతాయి. వికీలో పనిచేసేవాళ్లు ముందుజాగ్రత్తగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతి లింకుకూ నకలు పెట్టుకుంటూ ఉంటారు, ఎవరికీ కనిపించని చాకిరీ అది.

ఇక్కడే ఉప్పల్ రోడ్డు చేయగలిగింది ఉంది. దక్కన్ పీఠభూమిలో భూకంపాలు ఎందుకు తక్కువ, అయినా 1993లో లాతూరు ఎందుకు కదిలింది అన్నది ఎన్‌జీఆర్‌ఐలో పనిచేసేవాళ్లు తెలుగులో ఇరవై పేజీలు రాసి సంస్థ పేరుతో వెలువరిస్తే, ఆ ఇరవై పేజీలు ఆధారంగా పది వ్యాసాలు నిలబడతాయి. చిరుధాన్యాల పోషక విలువల పట్టిక పోషకాహార సంస్థ నుంచి తెలుగులో వస్తే వాట్సాప్ వైద్యానికి ఎదురుచెప్పే మూలం ఒకటి దొరుకుతుంది. శాస్త్రవేత్తలే వికీపీడియాలో కూర్చుని రాయాలని నేను అనడం లేదు. రాసేవాళ్లు చూపించుకోవడానికి తెలుగులో అచ్చయింది ఏదో ఒకటి వాళ్లు ఇస్తే చాలు.

విశ్వవిద్యాలయం దగ్గర అలాంటిది ఇప్పటికే చాలా ఉంది. తెలుగు శాఖలో, చరిత్ర శాఖలో దశాబ్దాలుగా సమర్పించిన సిద్ధాంత గ్రంథాలున్నాయి. జానపద కళల మీద, ఊళ్ల చరిత్రల మీద, మాండలికాల మీద తెలుగులో జరిగిన క్షేత్ర పరిశోధన అది. దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను శోధ్‌గంగ అనే జాతీయ భాండాగారంలో పెడుతున్నారు. తెలుగులో ఉన్నవాటిలో చాలా భాగం పుట పుటా తీసిన బొమ్మలు. కంటికి చదవడానికి వస్తాయి, వెతకడానికి రావు. ఏ పుటలో ఏముందో తెలియనిదాన్ని ఎవరూ మూలంగా చూపించలేరు. బొమ్మలోని తెలుగును అక్షరాలుగా మార్చే ఓసీఆర్ ఇప్పుడు మునుపటి కన్నా ఎంతో మెరుగు. వికీపీడియాకు తోబుట్టువైన పుస్తకాల సైటు వికీసోర్స్‌లో తెలుగు పాత పుస్తకాలను అలాగే మార్చి, ఒక్కో పుటనూ ఒకరు దిద్ది, ఇంకొకరు సరిచూసి ఆమోదిస్తున్నారు. అయితే కాపీహక్కు ఒకటుంది. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్ల దాకా పుస్తకం స్వేచ్ఛగా వాడుకోవడానికి రాదు. కొమర్రాజు సొంత రచనలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. సిద్ధాంత గ్రంథాల రచయితలు మన మధ్యే ఉన్నారు, చాలామంది ఇదే ఊళ్లో పాఠాలు చెబుతున్నారు. తమ గ్రంథాన్ని స్వేచ్ఛా లైసెన్సు కింద వదులుతున్నామని వాళ్లు సంతకం చేసి ఇస్తే, వాటిని అక్షరాలుగా మార్చడం ఎమ్మే విద్యార్థులకు ఒక సెమిస్టరు ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. విజయవాడలో ఆంధ్ర లొయోలా కళాశాల విద్యార్థులు 2010ల్లోనే తెలుగు వికీ ప్రాజెక్టులలో పనిచేశారు, కనుక దారి కొత్తదేమీ కాదు. ఉస్మానియాలో దాన్ని మొదలుపెట్టడానికి కావలసింది ఒక శాఖ తీర్మానం, ఒక కంప్యూటర్ గది, ప్రతి ఏడాదీ కొత్త విద్యార్థులకు పాత విద్యార్థుల్ని పరిచయం చేసే ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో.